పరీక్షా ఫలితాలు ప్రకటించే బోర్డుల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఫలితాలు ఏ గంటకు వస్తాయో ముందుగా చెప్పేది మీరే. ఎంతమంది పరీక్ష రాశారో లెక్క కూడా మీ దగ్గరే ఉంటుంది. అయినా ఏటా ఎక్కడో ఒకచోట సైట్ తెరుచుకోదు, 'రద్దీ ఒక్కసారిగా పెరిగింది' అన్న సంజాయిషీ వస్తుంది. తేదీ, గంట, జనం అన్నీ తెలిసిన రద్దీని అనుకోనిది అంటే ఎలా నమ్మాలి?

ఈ చిక్కు పాతదే. ఒకే యంత్రం ఏకకాలంలో పదివేల కనెక్షన్లను ఎలా మోయాలన్న ప్రశ్నను 1999లోనే డాన్ కెగెల్ అనే ప్రోగ్రామర్ చర్చకు పెట్టాడు. తేలిందేమిటంటే, లోపం యంత్రం బలంలో కన్నా పని పంచే తీరులో ఎక్కువ. కనెక్షన్‌కొక థ్రెడ్ కేటాయించడమంటే, హోటల్లో ప్రతి బల్ల దగ్గరా భోజనం ముగిసేదాకా ఒక మనిషిని నిలబెట్టడమే. సిగ్నల్ సరిగా లేని ఊళ్లోని విద్యార్థికి పేజీ ముక్కముక్కగా చేరుతున్నంతసేపూ ఆ థ్రెడ్ ఖాళీగా కూర్చుని మెమరీ తింటుంది. 2000లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేక్యూ, ఆ తర్వాత లినక్స్‌కు ఈపోల్ అనే సదుపాయాలు వచ్చాయి. వాటితో, కదలిక ఉన్న కనెక్షన్లేవో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నలే చెబుతుంది, కొద్ది ప్రాసెస్‌లే వేలమందిని చూసుకుంటాయి. 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ నడిచేది ఇలాగే, అదీ ఉచితంగా. 2012 నాటికి వాట్సాప్ ఒక్క సర్వర్ మీద ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లు నిలిపింది. (అది మామూలు యంత్రం కాదు లెండి. మీకు అంత అక్కర్లేదు కూడా.)

పైగా మీ పని తేలిక. ప్రకటించిన మార్కులు నిమిషానికోసారి మారవు. అడిగిన ప్రతిసారీ డేటాబేస్‌ను కదిలించడం దేనికి? హాల్‌టికెట్‌కొక చిన్న ఫైలు చొప్పున ముందే సిద్ధం చేసి, గంట కొట్టగానే తలుపు తీస్తే చాలు. ఇంకో జాగ్రత్త: ఒక ప్రాసెస్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్ల పరిమితి లినక్స్‌లో మామూలుగా 1024. కనెక్షన్లూ ఆ లెక్కలోకే వస్తాయి. ఆ పరిమితిని పెంచడం మరిస్తే ఎంత ఖరీదైన యంత్రం కొన్నా వృథా. రిఫ్రెష్ నొక్కుతున్న పిల్లల్ని తప్పుపట్టకండి, జవాబు రానివాళ్లు ఇంకేం చేస్తారు?

ఏకకాలంలో ఎన్ని కనెక్షన్లు తట్టుకోవాలో టెండరులో అంకె వేసి రాయండి. విడుదలకు వారం ముందే, నత్తనడక కనెక్షన్లతో సహా లోడ్ టెస్ట్ చేయించి, ఆ నివేదికను ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
సర్వర్లు నడిపే ఒక ఇంజినీరు