పండుకి పరీక్షలు సరే, మందు కొట్టినోడికేవి?

మన మామిడి పోటీకి నిలబడాలట. మైలవరం, నూజివీడు వైపు రైతు సదస్సు ఎక్కడ పెట్టినా ఇదే మాట. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మామిడి పండించేది మన దేశం, బయటికి అమ్ముకోవడంలో ముందున్నది మెక్సికో, కాబట్టి టెక్నాలజీ కావాలి అంటున్నారు. కావాలనే మేమూ అంటున్నాం. ట్రాక్టరొచ్చి పాలేరుతనం పోతే ఏడ్చింది మాల మాదిగలు కాదు. మేం అడిగేది ఒక్కటే. ఈ టెక్నాలజీ కాయ తొక్క దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? ఆ కాయ పట్టుకున్న చేతిదాకా ఎందుకు రావడం లేదు?

కాయకి జరుగుతున్న మర్యాద చూడండి. 2006లో జపాన్ మన మామిడిని రానిచ్చింది, ఆవిరి గదిలో 47.5 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు ఉంచాలన్న షరతు మీద. యూరప్‌కి పంపే కాయని 48 డిగ్రీల నీళ్లలో గంటసేపు ముంచుతారు. పండు ఈగ చావాలి గనక. 2014లో ఆ ఈగ కనబడిందనే యూరప్ వాళ్లు మన మామిడిని ఆపేశారు, 2015లోగాని మళ్లీ రానివ్వలేదు. మందు అవశేషానికీ లెక్కుంది. ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందైతే అక్కడ కిలోకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు.

ఈ యంత్రాలన్నిటికంటే ముందు పనిచేసేది మనిషి. పేటల నుంచీ తండాల నుంచీ తెల్లారకముందే ఆటోలెక్కి పోయే మనుషులు. కాయ ముదిరిందో లేదో చెట్టు కిందినుంచే చెప్పేది వాళ్లు. తొడిమ దగ్గర భుజాలు ఎత్తుకున్నాయా, తొక్క మీద చుక్కలు తేలాయా అని కంటితో చూసి చిక్కం వేస్తారు. కాయ నేల తగలకూడదు. తొడిమ కాస్త ఉంచి కొయ్యాలి, తర్వాత దాన్ని తుంచి కాయని బోర్లించి సొన కార్చాలి. సొన తొక్క మీద పడిందా, నల్లగా కాలిన మచ్చే. ఆ మచ్చపడ్డ కాయనీ, లేత కాయనీ కోట్లు పెట్టిన ఆవిరి గదైనా బాగు చెయ్యలేదు, ఇంకా పాడు చేస్తుంది. అంటే ఎగుమతి గ్రేడు తయారయ్యేది ప్యాక్‌హౌస్‌లో కాదు, చెట్టు కింద. ఆ సొన పడి చర్మం కాలేది కూడా అక్కడే. అయినా కూలి లెక్కలో వీళ్లు పనితనం లేనివాళ్లు! చదువుకున్నవాడు థర్మామీటరు చూస్తే అది నైపుణ్యం, మా అక్క కంటితో ముదురు చెబితే అది అలవాటు.

ఇక మందు సంగతి. పూతకి తేనె మంచు పురుగు పట్టగానే పిచికారీ మొదలు. పైకి కొట్టిన మందు తిరిగి మొహం మీదే పడుద్ది. రక్షణేమిటంటే మూతికి కట్టుకున్న తువ్వాలు. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు ఏం చెబుతున్నాయి? పిచికారీ చేసేవాళ్లకి పనిలో పెట్టుకునే ముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి. రక్షణ దుస్తులూ, ఊపిరికి ముసుగూ ఇవ్వాలి. ఇది మేం కోరుతున్న కొత్త వరం కాదు, 50 ఏళ్లు దాటిన నిబంధన. ఎవరు చేయించారని అడగండి. తోట యజమాని గుత్తదారుని చూపిస్తాడు, గుత్తదారు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ మా పేటవాడే!

చిన్న రైతు మోయలేడు, పోటీలో పడిపోతాం అంటారు. దక్షిణాఫ్రికా ద్రాక్షతోటల దొరలూ ఇదే అన్నారు. వెస్టర్న్ కేప్ వైన్ దేశదేశాల బల్లల మీదికి పోతోంది. ఆ ద్రాక్ష కోసినవాళ్లకి ఒకప్పుడు కూలిలో కొంత భాగంగా సారాయే పోసేవాళ్లు, డాప్ పద్ధతని దానికో పేరు కూడా. 2012 చివర్లో డి డోర్న్స్ తోటల కూలీలు సమ్మెకి దిగారు. రోజుకి 69 రాండ్లున్న కనీస కూలి 2013 మార్చి నుంచి 105 అయింది. అక్కడి వైన్ ఇప్పటికీ ఓడలెక్కుతూనే ఉంది.

వైన్ అన్నాం గనక ఇంకోటి. ఊరి పేరుకి చట్టం కాపలా ఉండడమన్నది ఫ్రాన్సు వైన్ వాళ్లు గట్టిగా పట్టుబట్టి సాధించుకున్న పని. ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో వైన్‌కీ సారాయికీ అందరికన్నా ఎక్కువ రక్షణ పెట్టించుకున్నారు. ఆ దారిలోనే మన 1999 భౌగోళిక గుర్తింపు చట్టం వచ్చింది, 2017లో బంగినపల్లికి ముద్ర పడింది. ఆ చట్టంలో ‘ఉత్పత్తిదారు’ అంటే ఎవరు? వ్యవసాయ సరుకైతే పండించేవాళ్లూ, శుద్ధి చేసేవాళ్లూ, ప్యాక్ చేసేవాళ్లూ. చదివి చూసుకోండి. భూమి పట్టా ఉన్నవాళ్లే అని ఎక్కడా లేదు. సొన కార్చి, గ్రేడు తీసి, పెట్టెలో పేర్చే ఆడవాళ్లు ఆ మాట కిందికి రారా? రారంటే ఎందుకు రారో రాతపూర్వకంగా చెప్పమంటున్నాం. 2022లో మైలవరం ఎన్టీఆర్ జిల్లాలో పడింది, నూజివీడు ఏలూరు జిల్లాలో పడింది. తోటలకి జిల్లాలు మారాయిగాని వీళ్ల పేర్లు ఏ జిల్లా పుస్తకంలోకీ ఎక్కలేదు.

ఎగుమతి తోట నమోదు కాగితాల్లో ఏ మందు ఏ తేదీన కొట్టారో రాయించుకుంటున్నారు కదా. ఆ పక్కనే కొట్టినవాడి పేరు, వాడి వైద్య పరీక్ష తేదీ రాయించండి. అవి లేని తోట కాయని ప్యాక్‌హౌస్‌ గడప దాటనివ్వకండి. ఈగ ఉన్న కాయని ఆపగలిగినవాళ్లకి ఇదేం కష్టం కాదు.

ఈసారి పూత మందు ట్యాంకు ఎక్కేలోపే మైలవరం తహసీల్దారు ఆఫీసులోనూ ఉద్యాన శాఖలోనూ అర్జీలు పెడుతున్నాం. పేరిస్తే రేపు పనికి పిలవరని భయపడేవాళ్లున్నారు, ఆ భయం ఉత్తది కాదు. అందుకే ఒక్కొక్కరి పేరు విడిగా ఇవ్వడం లేదు. పేట మొత్తం ఒకే కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు పెడుతోంది.