ఎల్ ఎద్రూసు నేరమేమి?

1948 సెప్టెంబరు 13వ తేది తెల్లవారుజామున భారతసైన్యములు హైదరాబాదు సంస్థానపు సరిహద్దులను దాటినవి. 17వ తేది సాయంకాలము ఐదుగంటలకు యుద్ధము ముగిసినది. మరునాడు సంస్థాన సేనాపతి మేజర్ జనరల్ సయ్యద్ అహమ్మద్ ఎల్ ఎద్రూసు, భారతసేనాని మేజర్ జనరల్ జయంతనాథ చౌధురికి లొంగిపోయినాడు. నాటినుండి ఒక వర్గమువారి నోట ఒకేమాట వినవచ్చుచున్నది: దాడి హఠాత్తుగా వచ్చినది, పసిగట్టవలసినవాడు పసిగట్టలేదు, అడ్డుకొనవలసినవాడు అడ్డుకొనలేదు, కావున దోషమంతయు ఎద్రూసుదే. సంస్థానపు చివరి ప్రధాని మీర్ లాయఖ్ అలీ 1962లో ప్రకటించిన తన గ్రంథమున సేనాపతి సామర్థ్యమును ఆక్షేపించినాడు. అతడు లోపాయికారీగా శత్రువుతో చేయికలిపెనని గుసగుసలాడినవారును లేకపోలేదు.

ఏటేట సెప్టెంబరు 17 రాగానే అది విమోచనమా, విలీనమా, దురాక్రమణమా యను వాదము నగరమున రేగుచున్నది. ఆ వాదము నడుమ ఈ సేనాపతి పేరును తప్పక వచ్చును. న్యాయస్థానములందు అభియోగమును చదువునపుడు, ఆరోపించువాడెవడు, వానికి అందు లాభమేమి యని మొదట చూచుట మాకు అలవాటు. ఆ అలవాటుచొప్పుననే ఈ వ్యాజ్యమును గూడ పరిశీలింపదలచితిమి.

దాడి హఠాత్తుగా వచ్చినదా? 1947 నవంబరు 29న యథాతథపు ఒడంబడిక జరిగినది. దానిననుసరించి సికిందరాబాదునందలి భారతసైన్యము వెడలిపోయినది. పిదప రజాకార్ల ఆగడములు సరిహద్దులుదాటి పొరుగు జిల్లాలకు ప్రాకినవి. 1948 ఆగస్టులో హైదరాబాదునందలి ఏడుగురు ముస్లిము ప్రముఖులే రజాకార్ల దళములను రద్దుచేసి భారతయూనియనులో చేరుడని బహిరంగ ప్రకటన చేసిరి. వారిని సమర్థించి ‘ఇమ్రోజ్’ పత్రికలో వ్రాసిన సంపాదకుడు షోయబుల్లాఖాను ఆ నెలలోనే నడివీథిలో హత్యగావింపబడినాడు. ఆగస్టు 31న గవర్నరు జనరలు రాజగోపాలాచారి స్వయముగ నిజామునకు లేఖ వ్రాసి, రజాకార్లను నిషేధింపుడు, సికిందరాబాదునకు మా సైన్యమును మరల రానిండు అని కోరెను. సెప్టెంబరు 7న పండిత నెహ్రూ ఢిల్లీ శాసనసభలో ఆ మాటనే దేశమంతయు వినునట్లు చెప్పెను. ఇంతకంటె బిగ్గరగ వచ్చు ‘హఠాద్దాడి’ యేదైన చరిత్రలో నున్నదా? పేటలో బండివాడును ఎరిగిన సంగతి ప్రధానమంత్రికి తెలియలేదన్నచో, తప్పు చెవులది గాదు, విననొల్లని మనస్సుది.

ఇచ్చట పాఠకులకు పరదేశపు వ్యాజ్యమొకటి జ్ఞప్తికి వచ్చును. 1941 డిసెంబరు 7న జపానువారు పెర్ల్ హార్బరుపై విరుచుకుపడిరి. పదిదినములకే నౌకాసేనాని కిమ్మెలు పదవినుండి తొలగింపబడినాడు. పదాతిసేనాని షార్టునకును అదేగతి. వీరిరువురును కర్తవ్యమును విస్మరించిరని రాబర్ట్సు విచారణ సంఘము 1942 జనవరిలో తీర్పుచెప్పెను. జపాను రహస్య సంకేతములను వాషింగ్టనులో చదువుచునే, వానిలోని ముఖ్యమైన వార్తలను కిమ్మెలునకు పంపలేదని పిమ్మట బయటపడినది. అమెరికా కాంగ్రెసు విచారణ సంఘమువారు 1946లో, ఇవి నిర్ణయలోపములే గాని కర్తవ్యభంగములు గావని తేల్చిరి. వారి గౌరవమును పునరుద్ధరింపవలెనని 1999లో సెనేటు 52-47 ఓట్లతో అధ్యక్షుని కోరినది. ఆ పని నెరవేరలేదు. పెర్ల్ హార్బరు వార్త అందిన కొన్నిగంటల తరువాత గూడ ఫిలిప్పైన్సులో మెకార్థరు విమానములు నేలమీదనే నాశనమైనవి. అతనిపై ఏ విచారణయు జరుగలేదు. సేనానులకు పడు శిక్షకును వారి తప్పునకును తూకము సరిపోవలెనని రాజకీయవేత్తలు ఎన్నడును పట్టుబట్టినట్లు తోచదు.

కిమ్మెలునకు వార్త లేదు, బలమున్నది. ఎద్రూసునకు వార్త కావలసినంత యున్నది, బలమే లేదు. అతని సైన్యము ఇరువదినాలుగువేలని లెక్క; అందు సంపూర్ణ శిక్షణయు ఆయుధములును గలవారు ఆరువేలు. సంస్థానమునకు సముద్రతీరము లేదు; నాలుగుదిక్కుల భారతభూమియే. తుపాకులు కావలసివచ్చినపుడు సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికునిచేత చీకటిలో విమానములపై దొంగతనముగ తెప్పించుకొనవలసిన దుస్థితి. 1947 చర్చల కాలమున, భారతసైన్యము వచ్చినచో ఎన్నినాళ్ళు నిలువగలవని అడుగగా ఎద్రూసు నాలుగు దినములకు మించి కాదనెననియు, ప్రక్కనున్న నిజాము అడ్డువచ్చి ‘రెండుదినములకు మించదు’ అనెననియు ఆ కాలపు వృత్తాంతములందు కనబడుచున్నది. జరిగినది నాలుగుదినములు, కొన్ని గంటలు. ప్రభువుకంటె సేవకుని లెక్కయే సరిపోయినది! ఈ లెక్క తెలిసియు, ఎర్రకోటపై అసఫ్‌జాహీ పతాకము నెగురవేయుదుమని కాశిం రజ్వీ వేదికలపై గర్జించుచుండగా ఊరకున్న ప్రభుత్వము, ఓటమి పిమ్మట సేనాపతి మమ్ము మోసగించెననుట ఎట్లు చెల్లును?

యుద్ధనిర్వహణలో ఎద్రూసు నిర్దోషియని మేము వాదింపబోము. మా నాచారము, ఉప్పలు నేడు కర్మాగారములతో, ఇండ్లతో క్రిక్కిరిసియున్నవి. నాడు నగరమునకు తూర్పున పల్లెలు. ఉప్పలు ప్రక్కగా పారు మూసీనది నల్లగొండ సీమకేగి సూర్యాపేట చెంత విజయవాడ రాజమార్గమునకు అడ్డుపడును. మేజర్ జనరల్ రుద్ర ఆధిపత్యమున తూర్పునుండి వచ్చు సేనకు అదియే పెద్ద ఆటంకము. వెనుదిరుగుచున్న సంస్థానసైనికులు ఆ వంతెనను కూల్చిరి. కూల్చిన వంతెనను కాచుటకు మాత్రము తుపాకి పట్టినవాడొకడును నిలువలేదు. వచ్చినవారు దానిని త్వరగా సరిచేసికొని ముందునకు సాగిరి. పడమట నల్దుర్గము మొదటిదినముననే చేజారినది. కాపలా లేని అవరోధము అవరోధము గాదని సిపాయి మొదలు సేనాపతివరకు ఎల్లరు నేర్చు తొలిపాఠము. ఈ మేరకు నింద అతనికి చెందినదే. కాని ఆ వంతెనకడ వందమందిని నిలిపినను ఫలితము ఒకటిరెండు దినములు ఆలస్యమగునే గాని మారదు. ఆ దినములలో చచ్చువారు మాత్రము పెరుగుదురు. గెలువలేని యుద్ధమును నగరవీథులలోనికి తీసికొనిరాక ఆపుటను ద్రోహమని పిలుచువారు, పాతబస్తీ ఇండ్లమధ్య ఫిరంగులు మ్రోగినచో ఏమయ్యెడిదో ఒక్కసారి ఊహింపవలెను.

యుద్ధానంతరము జిల్లాలలో ఏమైనదో మరువరాదు. 1948 చివర పర్యటించిన పండిత సుందరలాల్ సంఘము, సైనికచర్యకాలమునను పిమ్మటను ప్రాణములు గోల్పోయినవారు ఇరువదియేడువేలకు తక్కువ గారనియు, నలుబదివేలవరకు ఉండవచ్చుననియు అంచనావేసినది. వారిలో అత్యధికులు ముస్లిములు, పెక్కురు నిరపరాధులు. ఆ నివేదిక దశాబ్దములతరబడి వెలుగుచూడలేదు. జాతీయపక్షమువారమైనను ఈ సంగతిని దాచుట మాకు ధర్మమని తోచలేదు. రజ్వీ పెట్టిన నిప్పులో రజ్వీ ఇల్లు కాలలేదు. బీదముసల్మానుని గుడిసె కాలినది.

ఎద్రూసు అసలు నేరము వేరొకచోట నున్నది. 1948 ఆగస్టు 27న తెల్లవారకమునుపే భైరాన్‌పల్లిపై దాడి జరిగినది. అంతకుముందు రజాకార్లు వచ్చినపుడు ఆ గ్రామస్థులు బురుజెక్కి పోరాడి వారిని తరిమికొట్టియుండిరి. ఈసారి రజాకార్లు ఒంటరిగా రాలేదు. సంస్థానపు పోలీసులను, సైనికులను, ఫిరంగులను వెంటబెట్టుకొని వచ్చిరని గ్రామవృద్ధుల జ్ఞాపకములును చరిత్రగ్రంథములును ఏకముగ చెప్పుచున్నవి. సుమారు నూరుగురు నేలకొరిగిరి. ఆ దాడి నిజముగ హఠాత్తుగా వచ్చినది. దానిని అడ్డుటకు మాత్రము సేనాపతి చేతిలో బలమున్నది. అందు పాల్గొన్నవారిలో తన జీతగాండ్రే యుండిరి. రజాకార్లు తన ఆజ్ఞకు లోబడినవారు గారని అతని పక్షమువారు చెప్పవచ్చును. అది నిజమే. కాని తన ఆజ్ఞకు లోబడని ఆయుధధారులు రాజ్యములో లక్షల లెక్కన పెరుగుచున్నపుడు, ఆత్మగౌరవముగల సేనాపతి చేయదగినవి రెండే: వారినణచుటకు అనుమతి కోరుట, అది దొరకనిచో కరవాలమును ప్రభువు పాదములచెంత పెట్టి ఇంటికి పోవుట. నాలుగుదినములకంటె నిలువలేమని తెలిసినవాడు, ప్రజలను చంపువారిని చూచుచు, చివరిదినమువరకు పదవిలో కూర్చుండెను. మరణానంతరము 1994లో అతని స్మృతులు అచ్చైనవి. ఒక సేనాపతి తన పక్షమును చెప్పుకొనుటకు అన్నియేండ్లు పట్టినది.

ఇక నిందించినవారి సంగతి. సేనాపతిని లొంగిపొమ్మని యుద్ధక్షేత్రమున విడిచి, లాయఖ్ అలీ 17వ తేదిననే రాజీనామా యిచ్చినాడు. గృహనిర్బంధమునుండి 1950లో తప్పించుకొని పాకిస్తాను చేరినాడు. రజ్వీ 1957లో చెరవిడి ఆ దేశమునకే పోయినాడు. నిజాము 1950 జనవరి 26న రాజప్రముఖుడైనాడు. భైరాన్‌పల్లి వారికి మాత్రము ఏ న్యాయస్థానమునను ఎవరును సంజాయిషీ చెప్పలేదు.

నాచారము, ఉప్పలు ప్రాంతపు పఠనమందిరములలో వచ్చు సెప్టెంబరు 17న ఉపన్యసింపనున్నవారిని మేము కోరునది ఒక్కటే. సేనాపతి విషయమెత్తినచో సూర్యాపేట వంతెనకడ ఆగవలదు. భైరాన్‌పల్లి బురుజుదాక వెళ్ళుడు. అచ్చటి మృతుల పేర్లు సంపాదించి సభలో చదివి వినిపింపుడు.