కన్ను దొరికింది, మరి చూపో?

ఈ రోజుల్లో దొరికే మిర్రర్‌లెస్ కెమెరాను, అంటే లోపల అద్దం లేని కెమెరాను, ఒక మనిషి ముఖం వైపు తిప్పండి. తెరమీద చిన్న చతురస్రం వచ్చి కంటిపాప మీద నిలుస్తుంది. మనిషి కదిలితే అదీ కదులుతుంది. "ఇక ఫోకస్ చేయడం నేర్చుకోనక్కరలేదు" అని చాలామంది అంటున్నారు. ఆ మాట సరికాదని నా అభిప్రాయం.

ముందుగా యంత్రానికి ఇవ్వవలసిన మెప్పు ఇద్దాం. 36 మి.మీ. వెడల్పు సెన్సర్ ఉన్న కెమెరాకు 85 మి.మీ. కటకం తగిలించి, ఎఫ్/1.8 వద్ద తెరిచి, ఒకటిన్నర మీటర్ల దూరంలోని ముఖాన్ని ఫొటో తీశామనుకోండి. ముందు వెనుకలుగా స్పష్టంగా వచ్చే మేర సుమారు 3 సెంటీమీటర్లే! కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. మనిషి కాస్త ముందుకు ఊగితే కన్నూ మసకే. ఇంత సన్నని హద్దులో కంటిని పట్టడం చేత్తో కష్టమే.

మరి యంత్రం ఎలా పట్టగలుగుతోంది? మీ బొటనవేలిని ముఖం ముందు నిలిపి, ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వెనుకనున్న గోడమీద వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. ఇలాంటి కెమెరాలు చాలావాటిలో కటకం రెండు పక్కల నుంచి వచ్చే కాంతిని వేరువేరుగా పోల్చి చూస్తారు. రెండు బింబాలు ఎటు, ఎంత తప్పాయో లెక్కకట్టి కెమెరా కటకాన్ని జరుపుతుంది. ఆటోఫోకస్ ఉన్న ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో ఈ కొలత అద్దం కింద వేరే చోట జరుగుతుంది. ఆ చోటు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఫోకస్ ముందుకో వెనక్కో పోతుంది. మిర్రర్‌లెస్‌లో బొమ్మ పడే సెన్సర్ మీదే కొలుస్తారు కనుక ఆ దోషం తొలగింది.

అయితే, కన్ను ఎక్కడుందో చెప్పేది కొలత కాదు, పోలిక. ఎన్నో ముఖాల ఫొటోలు చూపి తయారుచేసిన ప్రోగ్రాము "ఇది కన్నులాగుంది" అని తేలుస్తుంది. అందుకే గోడమీది పటంలోని కంటినీ కన్నే అనుకోవచ్చు. కళ్లజోడు మీద వెలుగు మెరిస్తే తడబడవచ్చు. ఫోకస్ కనుపాప మీద కాక రెప్పవెంట్రుకల మీదో, కళ్లజోడు ఫ్రేము మీదో ఆగవచ్చు. చతురస్రం కనిపించినంత మాత్రాన పని అయినట్లు కాదు. తీసిన బొమ్మను పెద్దది చేసి చూసుకోవలసిందే.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. సారె తిప్పుతున్న కుమ్మరి తాతను ఫొటో తీస్తున్నారనుకోండి. మట్టి అంటిన ఆయన వేళ్లే ఆ బొమ్మకు ప్రాణం కావచ్చు. యంత్రం మాత్రం కంటినే పట్టుకుంటుంది. ఏది ముఖ్యమో దానికి తెలియదు. అది చెప్పవలసినవారు మీరే.

"క్యాలిక్యులేటర్ ఉండగా ఎక్కాలెందుకు?" అనే వాదన లాంటిదే ఇదీ. మీట తప్పు నొక్కితే ఆ సంగతి కనిపెట్టేది ఎక్కాలు వచ్చినవారే కదా! కెమెరా చేతికి దొరికితే ముందు ఆటోఫోకస్ ఆపి, చేత్తో తిప్పి పది బొమ్మలు తీయండి. కెమెరా లేకున్నా దిగులు పడకండి. భూతద్దంతో కిటికీ ప్రతిబింబాన్ని తెల్లకాగితం మీద పడనిచ్చి, అద్దాన్ని ముందుకూ వెనక్కూ జరపండి. బొమ్మ తేటపడే ఆ ఒక్క చోటును మీ చేతులతో కనిపెట్టండి. ఆ తర్వాత యంత్రం సాయం హాయిగా తీసుకోండి. అప్పుడది మీకు పనిమంతుడైన సహాయకుడవుతుంది, యజమాని కాదు.