5జీకి కొత్త సిమ్ము కావాలా?



సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే మా అయ్య కొత్త సిమ్ము చూపించాడు. సంతలో గొడుగు కింద కూర్చున్న ఒకాయన "5జీ వచ్చేసింది, పాత సిమ్ములు ఆగిపోతాయి" అని చెప్పి రెండు వందలు తీసుకున్నాడట. వేలిముద్ర రెండుసార్లు వేయించుకున్నాడట, మొదటిసారి సరిగా పడలేదని! అయ్య పాత సిమ్ము పారేశాడు. ఉపాధి పని డబ్బులు పడినట్టు మెసేజీ వచ్చేది ఆ నంబరుకే. ఇంతకీ అయ్యది బటన్ల ఫోను. అందులో ఏ సిమ్ము వేసినా 5జీ రాదు.

నా అభిప్రాయం ఏమిటంటే, 4జీ సిమ్ము ఉన్నవాళ్ళకి 5జీ కోసం వేరే సిమ్ము అక్కర్లేదు. సిమ్ములో నెట్‌వర్కు ఉండదు. మనం ఫలానా అని కంపెనీకి చెప్పే గుర్తింపు సంఖ్య, ఒక రహస్య తాళం ఉంటాయి. మన హాస్టల్లో కంచం మీద చెక్కించుకున్న నంబరులాంటిదే. కూర మారిందని కంచం మార్చం కదా! మన దేశంలో 2022 అక్టోబరు 1న 5జీ మొదలైంది. జియో, ఎయిర్‌టెల్ రెండూ పాత 4జీ సిమ్ము చాలన్నాయి. కావలసింది 5జీ ఫోను, దగ్గర్లో 5జీ టవరు.

సంతలో ఆయన మాటలో కొంచెం నిజం లేకపోలేదు. 2జీ కాలం నాటి సిమ్ములు 4జీకి పనికిరావు, వాటిని మార్చుకోవాల్సిందే. 5జీకనే తయారుచేసిన సిమ్ములు కూడా ఉన్నాయి. అవి మన గుర్తింపు సంఖ్యని గాలిలోకి పంపే ముందే దాచిపెడతాయి. అది మంచిదే, కానీ అది లేకపోయినా 5జీ వస్తుంది. ఏ సిమ్ము మార్చినా కంపెనీ ఆఫీసులో మార్చుకుంటే నంబరు పోదు. అయ్యకి పోయింది నంబరే.

మా ఊళ్ళో సిగ్నలు కావాలంటే గుట్టెక్కి చింతచెట్టు కిందికి వెళ్ళాలి. సిగ్నలు లేని 24,680 ఊళ్ళకి 4జీ ఇస్తామని 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసింది. మా ఊరికి టవరు రాలేదు గానీ 5జీ సిమ్ము మాత్రం ముందే వచ్చేసింది!

రెండో వేలిముద్ర సంగతే నాకు అనుమానం. మన దేశంలో ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్ములు ఉండొచ్చు. సంచార్ సాథీలో మన పేరున ఎన్ని ఉన్నాయో చూసుకోవచ్చని సార్ చెప్పారు. బావ ఫోనులో చూశాం. అయ్య పేరున మూడు నంబర్లు కనిపించాయి. ఒకటి పారేసినది, ఒకటి కొత్తది. మూడోది ఎవరి చేతిలో ఉందో తెలీదు. అది మాది కాదని ఫిర్యాదు పెట్టాం. పాత నంబరు కోసం అయ్య ఆధార్ కార్డు పట్టుకుని టౌనుకి వెళ్ళాలి. ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు చార్జీ.

– 9వ తరగతి విద్యార్థి