అల్లం వేరు, శొంఠి వేరు

జలుబు చేసిందనగానే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి కషాయం కాచి ఇవ్వటం మన ఇళ్లలో ఆనవాయితీ. శొంఠి లేని కషాయం లేదన్న నానుడి ఊరికే పుట్టలేదు. అయితే ఆ కషాయం ఎవరికి, ఏ విధమైన జలుబుకు, ఎంతవరకు అన్న విచారణ నానాటికి కొరవడుతున్నది. ఈ విచారణను చైనా దేశపు ప్రాచీన వైద్యులు ఎంత సూక్ష్మంగా చేశారో మనం తెలుసుకొనదగినదని నా అభిప్రాయం.

క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు శీతం వలన కలిగే జ్వరాలను గురించి 'షాంగ్ హాన్ లున్' అనే గ్రంథం రచించాడు. తన వంశంలో రెండు వందలమందికి పైగా ఉండగా, పదేళ్లు తిరగకుండానే మూడింట రెండు వంతులమంది మరణించారనీ, ఆ మృతులలో పదింట ఏడుగురిని ఈ శీతజ్వరమే బలిగొన్నదనీ ఆయన పీఠికలో వ్రాసుకొన్నాడు.

అందులో ప్రసిద్ధమైన యోగం 'గుయ్ జి తాంగ్'. దాల్చినజాతి చెట్టు లేతకొమ్మలు, తెల్ల పియోనీ అనే పూలమొక్క వేరు, పచ్చి అల్లం, చైనా రేగుపండ్లు, అతిమధురం, ఇవి ఐదే ద్రవ్యాలు. పియోనీ తప్ప తక్కినవి మనకు చుట్టాలే. దాల్చినకొమ్మ చెమటను వెలుపలికి నెడితే, పియోనీ వేరు అది మితిమీరకుండా పట్టి ఉంచుతుందని వారి భావన. సేవించే విధి మరింత గమనింపదగినది. కషాయం త్రాగిన కొద్దిసేపటికి వేడివేడి పలుచని బియ్యపు జావ త్రాగాలి. సుమారు రెండు గంటలు దుప్పటి కప్పుకొని ఉండాలి. ఒళ్లంతా సన్నగా చెమ్మగిల్లాలే గాని నీరు కారేటట్లు చెమట పట్టరాదు. ఒక్క మోతాదుతోనే చెమట పట్టి నెమ్మదించినచో మిగిలిన కషాయం త్రాగనవసరం లేదు. నవజ్వరంలో లంఘనం, స్వేదనం, యవాగువు అని చరకుడు చెప్పిన క్రమం తెలిసినవారికి ఇందులో కొత్తదనం కనిపించదు. కాని "చాలు, ఆపు" అన్న మాటను అంత స్పష్టంగా చెప్పటం నన్ను ఆకర్షించింది.

ఇదంతా మననుండి అక్కడికి వెళ్లినదేనని సోదర వైద్యులు కొందరు అంటారు. నాకు సమ్మతం కాదు. వారి పరిశీలన వారిది. పచ్చి అల్లం చర్మాన్ని ఆశ్రయించిన శీతాన్ని చెమట ద్వారా వెళ్లగొడుతుందనీ, ఎండిన శొంఠి కడుపులోని చలువను పోగొడుతుందనీ వారు వేరుగా వాడతారు. దాల్చినలో సైతం కొమ్మకు ఒక పని, బెరడుకు మరొక పని. మన భావప్రకాశం కూడా ఆర్ద్రకాన్ని, శుంఠిని వేరువేరుగానే వర్ణించింది. వంటింట్లో మాత్రం ఒకటి లేకపోతే మరొకటి వేసి సరిపెట్టుకొంటున్నాము.

అన్ని జలుబులకూ వేడి పనికిరాదు. చలి, ఒంటినొప్పులు, నీళ్లవలె కారే ముక్కు, దాహం లేకపోవటం, ఇవి శీత లక్షణాలు. గొంతుమంట, దాహం, పసుపుపచ్చని చిక్కటి కఫం ఉన్నచోట పిత్తం చేరినదని మనం అంటాము. ఉష్ణమని వారంటారు. అట్టివారికి పుదీనాజాతి ఆకు, హనీసకిల్ పూవు వంటి చలువ ద్రవ్యాలతో కూడిన యోగాన్ని 1798లో వూ జుతోంగ్ తన గ్రంథంలో చెప్పాడు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా భయంతో పూటపూటకూ మిరియాల కషాయం త్రాగి, కడుపుమంటతో, నోటిపూతతో నా వద్దకు వచ్చినవారు అనేకులు. వారిలో చాలామందికి అసలు జలుబే లేదు!

'మా హువాంగ్' అనే ఎఫెడ్రా మూలికను చైనా వైద్యులు చెమట పట్టని, ఆయాసంతో కూడిన శీతజ్వరంలో వాడారు. దానిలోని ఎఫెడ్రిన్‌ను 1885లో జపాను శాస్త్రజ్ఞుడు నగాయి నగయోషి వేరుచేశాడు. అది గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. అమెరికాలో ఆ మూలికనే ఒళ్లు తగ్గే మాత్రలుగా అమ్మగా ప్రాణాపాయాలు సంభవించి, 2004లో ప్రభుత్వం అట్టి మాత్రలను నిషేధించింది. కనుక చైనా మూలికలను పొట్లాలుగా తెప్పించుకొని స్వయంగా వాడవద్దని గట్టిగా చెబుతున్నాను.

శీత లక్షణాలున్న పెద్దలకు నాలుగైదు పలుచని అల్లం ముక్కలు వేసి కాచిన నీరు, ఆపైన వేడి జావ, కప్పుకొనటానికి దుప్పటి చాలు. చెమ్మగిల్లగానే ఆపండి. రక్తపోటు ఉన్నవారు అందులో అతిమధురం కలుపరాదు. గర్భిణులు, కడుపులో పుండ్లున్నవారు వైద్యుని అడిగి వాడాలి. పసిబిడ్డకు ఆయాసం కనిపించినా, ఎవరికైనా జ్వరం మూడు రోజులు దాటినా కషాయాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.