అద్దాలు రాసేవారికి ఒక్కసారి చదువు చాలునా?

ఆత్మకూరు: మెట్ట ప్రాంతంలో చూపు తగ్గిన మనిషి మొదట వెళ్ళేది కంటి డాక్టరు దగ్గరకు కాదు. బజారులోని కళ్ళద్దాల దుకాణానికో, ప్రభుత్వాసుపత్రిలో కళ్ళు పరీక్షించే సహాయకుని వద్దకో వెళతాడు. ఆత్మకూరు నుంచి నెల్లూరుకు యాభై కిలోమీటర్లకు పైబడిన దారి. ఉదయగిరి నుంచి దాదాపు నూరు. కంటి పరీక్షకు నెల్లూరు పోయి రావాలంటే రోగి కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలి పోతుంది, బస్సు ఛార్జీలు మీద పడతాయి. అందుచేత దగ్గరలో వున్న పరీక్షకుడే యీ పల్లెలకు సగం కంటి డాక్టరు. ఆయన ఏమి నేర్చుకున్నాడు, ఎప్పుడు నేర్చుకున్నాడు, ఆ తరువాత మళ్ళీ ఎవరైనా నేర్పారా అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ వేయడం లేదు.

ఎవరు ఎవరు?

కన్ను చూసే ప్రతివారినీ జనం కంటి డాక్టరనే పిలుస్తారు. నిజానికి వీరిలో తరగతులు వున్నాయి. వైద్య పట్టా పుచ్చుకుని, ఆపైన కంటి జబ్బులలో ప్రత్యేకంగా చదివి, ఆపరేషన్లు చేసేవారు కంటి వైద్యులు. ఇంటర్ తరువాత నాలుగేళ్ళు చదివినవారు ఆప్టోమెట్రిస్టులు. వీరు చూపు కొలిచి అద్దాలు రాస్తారు, జబ్బు ఆనవాళ్ళు కనిపెట్టి వైద్యుని దగ్గరకు పంపుతారు. మద్రాసులో శంకర నేత్రాలయం వారు 1985లో నెలకొల్పిన ఎలీట్ స్కూలు యీ చదువుకు పేరు తెచ్చింది. రెండేళ్ళ డిప్లొమా చేసినవారు ఆప్తాల్మిక్ అసిస్టెంట్లు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లె యువతీ యువకులకు ఏడాది పాటు తర్ఫీదు ఇచ్చి, విజన్ టెక్నీషియన్లుగా తయారుచేస్తోంది. ఏభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం అన్నది వారి పద్ధతి.

ఇవేమీ చదవకుండా ‘కంప్యూటర్ కంటి పరీక్ష’ అని బోర్డు కట్టుకున్నవారు మరొక రకం. ఆ యంత్రం చూపించే అంకె పరీక్షకు మొదలే గాని ముగింపు కాదు. ముఖ్యంగా చిన్నపిల్లలు యంత్రంలోకి చూసేటప్పుడు కంటి కండరాలను బిగబడతారు. అప్పుడు లేని హ్రస్వదృష్టి వున్నట్లు, వున్నది ఎక్కువగా వున్నట్లు అంకె వస్తుంది. రెటినోస్కోపు అనే చేతి దీపంతో, అవసరమైతే చుక్కలు వేసి పరీక్షించడం తెలిసినవారే దానిని సరిదిద్దగలరు. ఆ నేర్పు చేతికి రావాలి, వచ్చినది పోకుండా వుండాలి.

పని మారింది, చదువు ఆగింది

మన దేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది 1976లో. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కంటి సహాయకులను నియమించడం ఆ కార్యక్రమంలో భాగమే. ఆ రోజులలో వారి పని ప్రధానంగా శుక్లాలున్న వృద్ధులను గుర్తించి శిబిరాలకు తీసుకుపోవడం, ఆపరేషను అయిన తరువాత సోడాబుడ్డి అద్దాలు ఇప్పించడం. 1994 నుంచి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సహాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో శుక్లాల ఆపరేషన్ల పథకం నడిచింది. కంటిలోపలే కటకం అమర్చడం అలవాటులోకి వచ్చి, సోడాబుడ్డి అద్దాలు మాయమైనాయి.

శుక్లం యిప్పటికీ పెద్ద శత్రువే. 2015–19 జాతీయ సర్వేలో యాభై దాటినవారిలో అంధత్వానికి మూడింట రెండు వంతుల కారణం అదేనని తేలింది. అయితే దాని పక్కన కొత్తవి చేరాయి. దేశంలో చక్కెర వ్యాధి వున్నవారు సుమారు 10.1 కోట్లని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. ఆ జబ్బు కంటి వెనుక పొరను నొప్పి లేకుండా తినివేస్తుంది. చూపు మసకబారేదాకా రోగికి తెలియదు. 2018లో రాష్ట్ర ప్రభుత్వం ముఖ్యమంత్రి ఈ–ఐ కేంద్రాలను తెరిచి, కంటి వెనుక పొరను ఫొటో తీసే కెమెరాలు పెట్టింది. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం బడిపిల్లలతో మొదలైంది. యంత్రాలు వచ్చాయి, పథకాలు వచ్చాయి. కాని నలభై ఏళ్ళ ఉద్యోగకాలంలో పని యింతగా మారినా, మొదట చేసిన రెండేళ్ళ చదువుతోనే నెట్టుకు రావడం ఎలా సాధ్యం?

చత్వారం అద్దాల రోజు

ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలకు దేశంలో పేరుంది. వాటిని చెక్కేవారిలో స్త్రీలు ఎక్కువ. చెంచా కాడ మీద సన్నని నగిషీ తీసే చేతికి దగ్గర చూపు ప్రాణం. నలభై దాటగానే చత్వారం వస్తుంది. అద్దాలు లేకపోతే పని మందగిస్తుంది, చేయి తెగుతుంది, కూలి తగ్గుతుంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గర చూపు అద్దాలు ఇచ్చి చూడగా, అద్దాలు లేనివారికంటే సుమారు 22 శాతం ఎక్కువ ఆకు కోయగలిగారని 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది. బంగ్లాదేశ్‌లో యిటువంటి అద్దాల వల్ల గ్రామీణుల ఆదాయం మూడింట ఒక వంతు పెరిగిందని 2024లో మరొక పరిశోధన చెప్పింది.

అద్దాలు ఇవ్వడం మంచిదే. అంతటితో ఆగిపోవడమే చిక్కు. మనిషి చత్వారం అద్దాల కోసం వచ్చే వయసూ, నీటికాసుల జబ్బు కంట్లో ప్రవేశించే వయసూ ఒక్కటే. నీటికాసులు చూపునరాన్ని నెమ్మదిగా చంపుతుంది. పక్క చూపు ముందు పోతుంది, ఎదుటి చూపు చివరకు పోతుంది. పోయిన చూపు ఏ ఆపరేషనుతోనూ తిరిగి రాదు. మన రాష్ట్రంలోనూ మద్రాసు ప్రాంతంలోనూ జరిగిన అధ్యయనాలలో, యీ జబ్బు వున్నట్లు తేలిన పది మందిలో తొమ్మిది మందికి అంతకు ముందు ఆ సంగతే తెలియదు.

జీవితంలో మొదటిసారి కంటి పరీక్షకు వచ్చిన రైతును, చార్టు చదివించి, అద్దాలిచ్చి పంపివేస్తే, పట్టుకోవలసిన జబ్బు చేతి నుంచి జారిపోయినట్లే. అదే రోజు కంటి ఒత్తిడి కొలిచి, చూపునరం చూసి, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు వున్నాయా అని అడిగితే ఒక కాపురం నిలబడుతుంది. ఇదంతా పావుగంట పని. అయితే చూపునరంలో ఏది మామూలు, ఏది అనుమానం అన్నది పుస్తకం చదివితే పట్టుబడదు. వైద్యుని పక్కన కూర్చుని వందల కళ్ళు చూస్తే గాని రాదు.

పొలంలో తగిలిన దెబ్బ

సోమశిల నీటి కింద వరి కోతలు జరిగే రోజుల్లో వరి ఆకు కంట్లో గీసుకుంటుంది. నూర్పిడిలో పొట్టు పడుతుంది. పాలు పితికేటప్పుడు పశువు తోక తగులుతుంది. నల్లగుడ్డు మీద చిన్న గీత పడి, అందులో బూజు చేరితే పుండవుతుంది. పుండు మానినా పువ్వు మిగులుతుంది. ఈలోగా ఆకు పసరు పోసేవారు, ఆముదం వేసేవారు వుండనే వున్నారు. అంతకంటే ప్రమాదం, ఎర్రకన్నుకు స్టీరాయిడ్ కలిసిన చుక్కలు ఇవ్వడం. ఎరుపు రెండు రోజులు తగ్గినట్లు కనిపిస్తుంది, లోపల పుండు పెరుగుతుంది.

నేపాల్‌లోని భక్తపూర్ ప్రాంతంలో శిక్షణ పొందిన గ్రామ ఆరోగ్య కార్యకర్తలు గీసుకున్న కంటికి వెంటనే క్లోరాంఫెనికాల్ లేపనం ఇచ్చారు. పద్దెనిమిది గంటలలోగా వైద్యం మొదలైనవారిలో పుండు రాలేదని 2001లో వెలువడిన ఆ అధ్యయనం చెప్పింది. కంటికి రంగు అద్ది నీలి వెలుతురులో చూస్తే గీత పచ్చగా మెరుస్తుంది. దానిని గుర్తించడం, స్టీరాయిడ్ జోలికి పోకపోవడం, పుండు అనుమానం వుంటే ఆ పూటే పంపివేయడం అనే మూడు సంగతులు ఆత్మకూరులో కళ్ళు చూసే ప్రతివారికీ కరతలామలకం కావాలి.

చట్టం వున్నది

డాక్టర్లకు అయిదేళ్ళలో ముప్పయి గంటల పునశ్చరణ శిక్షణ వుండాలని 2002 నాటి నిబంధనలు చెప్పాయి. ఇంగ్లండులో ఆప్టోమెట్రిస్టులకు 2005 నుంచి యిటువంటి శిక్షణ తప్పనిసరి. ఇప్పుడు మూడేళ్ళలో 36 పాయింట్లు సంపాదించకపోతే రిజిస్టరులో పేరు నిలవదు.

మన దేశంలో యీ వృత్తులకు ప్రత్యేక చట్టం 2021 మార్చిలో వచ్చింది. ఆప్టోమెట్రిస్టులు, ఆప్తాల్మిక్ అసిస్టెంట్లు, విజన్ టెక్నీషియన్లు అందులో చేరారు. చదువు ప్రమాణాలతో పాటు నిరంతర వృత్తి శిక్షణ ప్రమాణాలు కూడా జాతీయ కమిషన్ బాధ్యత. రాష్ట్రాలు తమ తమ మండళ్ళు ఏర్పాటు చేయాలి. ఆ పని ఆలస్యం కాగా 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని రెండు నెలల గడువు విధించవలసి వచ్చింది. ఢిల్లీలో చట్టం రావడానికీ, మెట్టలోని దుకాణదారు చేతికి నేర్పు రావడానికీ మధ్య చాలా దూరం వుంది.

ఎలా నేర్పాలి?

శిక్షణ అంటే హోటలు హాలులో ఉపన్యాసాలు, భోజనం, సర్టిఫికెట్టు అయితే ప్రయోజనం లేదు. నెలకు ఒక రోజు జిల్లాలోని పెద్దాసుపత్రి కంటి విభాగంలో రోగుల మధ్య కూర్చోబెట్టాలి. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల వుండగా యిది అసాధ్యం కాదు. ఒక నెల చూపునరం, ఒక నెల చక్కెర వ్యాధి కన్ను, ఒక నెల పిల్లల మెల్లకన్ను, ఒక నెల నల్లగుడ్డు పుండు అని వరస పెట్టవచ్చు. మెల్లకన్ను, సోమరికన్ను ఏడెనిమిదేళ్ళ లోపల పట్టుకుంటేనే బాగుపడే అవకాశం ఎక్కువ. తరువాత అద్దాలిచ్చినా ఆ కన్ను సరిగా చూపు నేర్చుకోదు.

ఖర్చు లేని శిక్షణ మరొకటి వుంది. ఇక్కడి నుంచి పంపిన రోగి చీటీకి, అక్కడి వైద్యుడు నాలుగు మాటలు జవాబు రాసి పంపాలి. ‘మీరు అనుమానించినది నిజమే’ అనో, ‘కాదు, యిది ఫలానా’ అనో తెలిస్తే, పంపినవాడు ప్రతి రోగి నుంచీ ఒక పాఠం నేర్చుకుంటాడు. ఇప్పుడు చేతి ఫోనులోనే జవాబు పంపవచ్చు.

దీనికి అభ్యంతరాలూ వున్నాయి. దుకాణం ఒక రోజు మూస్తే ఆ రోజు బేరం పోతుంది. ప్రభుత్వ సహాయకుడు శిక్షణకు పోతే ఆసుపత్రిలో ఆ కుర్చీ ఖాళీ. కాబట్టి సంత రోజు కాకుండా చూసి, వంతుల వారీగా పిలవాలి. నాలుగు సంగతులు నేర్పితే వైద్యం కూడా చేసేస్తారేమో అన్న శంక కొందరు వైద్యులకు వుంది. ఆ శంకను కొట్టిపారేయలేము. అందుకే ఏది చేయాలి అన్నదానితో పాటు, ఎక్కడ ఆగాలి అన్నది కూడా శిక్షణలో నేర్పాలి. అసలు స్టీరాయిడ్ చుక్కలు ఇష్టారాజ్యంగా నడుస్తున్నది చదువు ఎక్కువై కాదు, తక్కువై.

జనం అడగాలి

అద్దాల కోసం వెళ్ళిన ప్రతివారూ నాలుగు సంగతులు అడగవచ్చు. మీరు ఏమి చదివారు? మళ్ళీ శిక్షణ ఎప్పుడు పొందారు? నలభై దాటిన నాకు కంటి ఒత్తిడి, చూపునరం చూశారా? చక్కెర వ్యాధి వున్న నాకు ఏడాదికి ఒకసారి కంటి వెనుక పొర చూడాలి గదా, ఎక్కడికి పంపుతారు? ఇవి అడిగితే తప్పు పట్టవలసిన పని లేదు. పని తెలిసినవాడు సంతోషంగా జవాబు చెబుతాడు.

రాష్ట్ర మండలి నిబంధనలు తయారయ్యేదాకా జిల్లా యంత్రాంగం చేతులు ముడుచుకుని వుండనక్కరలేదు. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో కళ్ళు పరీక్షించేవారి జాబితా తయారుచేసి, ప్రభుత్వోద్యోగులనూ దుకాణాల వారినీ కలిపి నెలవారీ శిక్షణ మొదలుపెట్టవచ్చు. శిబిరం వచ్చి రెండు రోజులుండి పోతుంది. బజారులో కళ్ళు చూసేవాడు ఏడాది పొడుగునా వుంటాడు. అతని చేయి తిరిగితే, నెల్లూరు దాకా పోలేని ముసలివారి చూపు ఇక్కడే నిలుస్తుంది.