తల్లిది కాని తప్పు

బిడ్డ పుట్టుకతోనే లోపంతో పుడితే మన సమాజం మొదట తల్లి వైపే వేలు చూపుతుంది. గ్రహణం నాడు బయటికి వచ్చిందని ఒకరు, తినరానిది తిన్నదని మరొకరు, మేనరికపు ఫలితమని వేరొకరు తీర్పు చెబుతారు. ఈ తీర్పులు ఎంత అన్యాయమైనవో ఒక అరుదైన హృద్రోగం స్పష్టం చేస్తుంది.

గుండె నుండి మంచి రక్తాన్ని శరీరమంతటికీ చేరవేసే మహానాళం బృహద్ధమని. కొందరు శిశువులలో అది కవాటానికి కొంచెం పైన ఇరుకై ఉంటుంది. ఆ ఇరుకులో నుండి రక్తాన్ని నెట్టలేక గుండె కండరం దళసరి అవుతుంది. ఆయాసం, ఛాతీనొప్పి, ఆటల మధ్య స్పృహ తప్పడం దీని లక్షణాలు. ఒక్కొక్కప్పుడు వైద్యుని స్టెతస్కోపుకు వినిపించే మర్మరధ్వని తప్ప వేరే ఆనవాలే ఉండదు.

దీనికి కారణమేమి? ధమని గోడకు సాగే గుణాన్నిచ్చే మాంసకృత్తు ఎలాస్టిన్. దాని జన్యువు 7వ క్రోమోజోముపై ఉన్నది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున మనకు రెండు ప్రతులు సంక్రమిస్తాయి. వానిలో ఒకటి చెడితే ఎలాస్టిన్ చాలదు. గోడలోని కండరకణాలు అతిగా పెరిగి నాళం ఇరుకవుతుంది. ఈ సంగతి 1993లో తేలింది. 1961లో న్యూజీలాండు వైద్యుడు విలియమ్స్ వర్ణించిన వ్యాధిలో ఈ జన్యువుతో పాటు ఇరుగుపొరుగు జన్యువులు మరో పాతిక దాకా లోపిస్తాయి. ఆ పిల్లలు చదువులో వెనుకబడినా కొత్తవారిని సైతం చిరునవ్వుతో పలకరిస్తారు.

విలియమ్స్ వ్యాధిలో ఈ లోపం చాలావరకు బీజకణాలు ఏర్పడే వేళ యాదృచ్ఛికంగా కలిగేది. అది తల్లి వైపు నుండైనా రావచ్చు, తండ్రి వైపు నుండైనా రావచ్చు. గ్రహణానికి గాని, ఆహారానికి గాని ఇందులో పాత్ర లేదు. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే వ్యాధులు దగ్గరి సంబంధాల వలన పెరుగుతాయన్నది నిజమే. మేనమామకు పిల్లనిచ్చే ఇళ్లూ, పినతండ్రి బిడ్డను చేసుకునే మా ఇళ్లూ ఆ విషయం ఆలోచించవలసినదే. కాని ఈ వ్యాధి ఆ కోవలోనిది కాదు.

మరికొన్ని కుటుంబాలలో ఎలాస్టిన్ లోపం తరతరాలుగా వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోను బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆ ఒక్కరు తండ్రే కావచ్చు. ఏ బాధా తెలియక తిరుగుతూ ఉండవచ్చు. తల్లిని నిందించి ఊరుకున్న ఇల్లు తండ్రి గుండెకు పరీక్ష చేయించదు, తోబుట్టువులకూ చేయించదు. నిందలోని అసలు ప్రమాదం ఇదే.

గుండెకు ఎకో పరీక్ష చేస్తే ఇరుకు కనిపిస్తుంది. తీవ్రమైనదానిని శస్త్రచికిత్సతో, అతుకు వేసి, వెడల్పు చేయవచ్చు. జన్యువైద్య విభాగం గల నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ ఓరుగల్లుకు దూరమేమీ కాదు, హైదరాబాదులోనే ఉన్నది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేదబిడ్డల గుండె ఆపరేషన్లకు అండగా నిలిచింది.

విద్యార్థులారా! మీ వీధిలో ఏ తల్లినైనా ఇట్లా నిందిస్తూ ఉంటే మౌనంగా వినకండి. ఆ బిడ్డను ఆసుపత్రికి చేర్చండి. తండ్రిని కూడా వెంట రమ్మనండి.